దండెం నుంచి డ్రయ్యర్ దాకా

తెలుగులో ‘ఆరు’ అనే క్రియ చాలా పనులు చేస్తుంది. దీపం ఆరుతుంది. వేడి అన్నం ఆరుతుంది. తడిబట్ట ఆరుతుంది. ఒకచోట పోయింది మంట, ఒకచోట వేడి, మరొకచోట తడి. మూడింటికీ మన పెద్దలు ఒకే మాట చాలనుకున్నారు. కన్నడంలోనూ ఈ మాటకు దాదాపు ఇవే అర్థాలున్నాయని బెంగుళూరు, హోసూరు వైపు పాఠకులకు తెలిసిందే. తమిళంలో ‘ఆరు’ చల్లబడటానికీ, పుండు మానడానికీ పరిమితమై, బట్టకు ‘కాయ’ అనే వేరే మాట వచ్చింది.

ఈ మాటల ముచ్చట ఊరికే ఎత్తుకోలేదు. బట్ట ఆరడమంటే అందులోని నీరు ఆవిరి కావడం. ఆవిరి కావడానికి నీటికి వేడి కావాలి. ఆ వేడిని అది బట్ట నుంచీ చుట్టూ ఉన్న గాలి నుంచీ లాక్కుంటుంది. తడిబట్ట ఒంటికి చల్లగా తగిలేదీ, మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి పట్టే వేడిని కరెంటు లెక్కలో చెబితే సుమారు 0.68 యూనిట్లు. తడి పోవడం, వేడి పోవడం ఒకే పని అని మన భాష ఏ శాస్త్రమూ చదవకుండానే పట్టుకుంది.

ఆ వేడి ఎవరు పెట్టుకోవాలి అన్నదే బట్టలారబెట్టడం చరిత్ర అంతా. వేలఏళ్లు సూర్యుడు పెట్టుకున్నాడు. ఇప్పుడు నగరాల్లోని మన ఇళ్లలో ఆ ఖర్చు కరెంటు మీటరు మీదికి మళ్లుతున్నది. బొంబాయిలోనో బెంగుళూరులోనో రెండు గదుల ఫ్లాటులో ఉంటున్నవారికి పెరడు లేదు, మేడమీద తాళం, బాల్కనీలో బట్టలు కనిపించరాదని సంఘం నియమం. ఇలాంటి ఇళ్లలో ‘రోజువారీ బట్టలకు డ్రయ్యర్ కొనాలా, అక్కర్లేదా’ అన్న మాట వస్తున్నది. దుకాణంవాడు చెప్పే జవాబు మనకు తెలుసు. చరిత్ర ఏం చెబుతుందో చూద్దాం.

ఎండ ఒక పరిశ్రమ

ఎండ మనకు బట్ట ఆరబెట్టుకునే వసతి మాత్రమే కాదు, ఒకప్పుడు ప్రపంచ వ్యాపారానికి ముడిసరుకు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి అద్దకాల పేరు విననివారుండరు. కరక్కాయ రసంలో, పాలలో ముంచిన బట్ట ఎండాలి. చిరివేరు ఎరుపు పట్టాక తెల్లగా ఉండవలసిన చోట అంటుకున్న రంగు పోవాలి. అందుకు పేడనీళ్లలో నానబెట్టి, పారే నీటిలో జాడించి, ఇసుకమీద పరిచి, ఆరకుండా నీళ్లు చల్లుతూ రోజుల తరబడి ఎండ తగిలించేవారు. స్వర్ణముఖి ఒడ్డు ఇసుకకు కలంకారీలో కుంచెకున్నంత పాత్ర ఉంది. ఈ పని గురించి 1742లో ఉత్తరం రాసి, ఐరోపాకు ఆ గుట్టు విప్పినవాడు కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరీ. సంస్కృతానికీ లాటిను, గ్రీకులకూ చుట్టరికం ఉందని 1767లో రాసినవాడూ ఆయనే. తెలుగు బాగా నేర్చినవాడు.

చలువ చేసేవారి విలువ వర్తకులకు తెలుసు. చెన్నపట్నంలో కంపెనీ బట్టలను తెల్లబరిచేవారు స్థిరపడిన చోటే వణ్ణారపేట, ఇంగ్లీషులో వాషర్‌మన్‌పేట. 1734లో కూవం నది వంపులో, కంపెనీకి ఒకప్పుడు పెద్ద వర్తకుడైన సుంకురామ తోట ఉన్న స్థలంలో చింతాద్రిపేట కట్టినప్పుడు నేతగాళ్లతో పాటు ఉతికేవారికీ చోటిచ్చారు. నేసినవాడు ఎంత గొప్పవాడైనా, ఉతికి ఎండలో ఆరవేసేవాడు లేకపోతే ఆ బట్ట ఓడ ఎక్కేది కాదు.

ఎండ తక్కువైన ఐరోపాకు ఈ పని కష్టం. అక్కడ పచ్చికబయళ్ల మీద నారబట్టలు పరిచి నెలల తరబడి తెల్లబరిచేవారు. 1785లో బెర్తొలే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు క్లోరిన్ తో బట్ట తెల్లబడుతుందని చూపించాడు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ బ్లీచింగ్ పౌడరుకు పేటెంటు తీసుకున్నాడు. నెలల పని రోజుల్లోకి వచ్చింది. బట్ట తెల్లబడటానికి సూర్యుడి అవసరం అలా తీరింది. ఆరడానికి మాత్రం ఆయన ఇంకా కావలసే ఉన్నాడు. చిత్రమేమంటే సరిగ్గా ఆ రోజుల్లోనే, 1800 ప్రాంతంలో, పోషన్ అనే ఫ్రెంచివాడు చిల్లుల లోహపు పీపాలో తడిబట్టలు వేసి, నిప్పు మీద చేత్తో తిప్పే సాధనం చేశాడు. నేటి డ్రయ్యర్లో తిరిగే డ్రమ్ముకు అదే ముత్తాత. బట్టలకు పొగ వాసన పట్టేది, అప్పుడప్పుడు మసి అంటేది. అది నిలవలేదు.

మన ఇళ్లలోని డ్రయ్యర్లు

మనవాళ్లు వానాకాలంలో చేతులు కట్టుక్కూర్చున్నారనుకోవద్దు. ఇంటి పైకప్పు కింద అడ్డంగా వేలాడే వెదురుబొంగు, దాని పేరు దండెం. బట్టను కర్రతో పైకి ఎత్తి ఆరవేసేవారు. మడిబట్ట ఎవరికీ తగలకుండా ఎత్తున ఉండాలన్నది దాని ఆచారం. ఆచారం మాట ఎలా ఉన్నా, వేడిగాలి పైకి చేరుతుందనీ, వంటింటి సెగ అక్కడ తగులుతుందనీ దండెం కట్టినవారికి తెలుసు. ముసురు పట్టిన రోజుల్లో పసిపిల్లల గుడ్డలకు మరో ఉపాయం: కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి, దానిపైన గుడ్డలు పరచడం. కాస్త సాంబ్రాణి వేస్తే ముక్క వాసన కూడా పోయేది.

ఇలాంటి ఆలోచనకే అమెరికాలో పేటెంటు దొరికింది. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్నానికి చెందిన జార్జ్ శాంప్సన్ అనే నల్లజాతి ఆవిష్కర్త, పొయ్యి పైన బట్టలు వేలాడదీసే చట్రానికి 1892 జూన్ 7న పేటెంటు పొందాడు. మనకు మృగశిర కార్తె ప్రవేశించే రోజులవి. మన కుంపటి బుట్టకు పేటెంటు అడగాలని ఎవరికీ తోచలేదు.

అయితే మన కథలో చెప్పుకోవలసింది దండెం ఒక్కటే కాదు. బట్టలు మన ఇంట్లో ఆరేవే తక్కువ. చాకిరేవులో ఆరేవి. చాకలి మూట కట్టుకుపోయి, చౌడుమట్టి పట్టించి, బానలో ఉడకేసి, బండమీద ఉతికి, గడ్డిమీద, తాళ్లమీద ఆరవేసి తెచ్చేవాడు. ప్రతిఫలం పంటకు ఇచ్చే మేర, పొద్దుగూకి ఇంటింటా పెట్టే అన్నం. ‘చాకిరి’ పారశీకం నుంచి వచ్చిన మాటనీ, చాకలికీ దానికీ సంబంధం లేదనీ నిఘంటువులు చూస్తే తెలుస్తుంది. కానీ వినేవారి చెవిలో ఆ రెండూ కలిసిపోవడానికి కారణం నిఘంటువులో కాదు, ఊళ్లో ఉంది. నిజాం పాలనలోని తెలంగాణలో దొరల ఇళ్ల బట్టలు వెట్టికి ఉతకవలసి వచ్చేది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ 1940లలో కౌలుభూమి పంటకోసం విసునూరు దేశముఖును ఎదిరించి నిలిచినప్పుడు, ఆ తెగువ వెనుక తరాల వెట్టి ఉంది. ఎండ ఉచితమే. ఎండలో నిలబడ్డ మనిషి శ్రమ ఉచితం కాదు, ఉచితమని అనుకున్నారు, అంతే. డ్రయ్యర్ గురించి తేల్చేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

‘జూన్ డే’

నేటి డ్రయ్యర్ పుట్టింది చలిలో. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో చలికాలం తాడుమీద వేసిన బట్ట ఆరకముందే గడ్డకట్టి రేకులా బిగుసుకుంటుంది. అక్కడి రాస్ మూర్ అనే ఆయన బయట చలిలో బట్టలు ఆరవేసే బాధ పడలేక, ఒక పాకలో పొయ్యి పెట్టి, డ్రమ్ము అమర్చి తిప్పడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి మెరుగుపరచి, ఎన్నో కంపెనీల తలుపులు తట్టాక, విస్కాన్సిన్ లోని హామిల్టన్ కంపెనీ చేతికి తీసుకుంది. బ్రూక్స్ స్టీవెన్స్ అనే రూపశిల్పి దాని తలుపుకు అద్దం పెట్టించాడు. లోపల బట్టలు దొర్లడం బయటికి కనిపిస్తే జనం ఆగి చూస్తారన్నది ఆయన ఎత్తు. 1938లో ఆ యంత్రం ‘జూన్ డే’ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది.

ఆ పేరు మీద ఒక్క నిమిషం నిలబడదాం. అక్కడివారికి జూన్ అంటే మంచు పోయి, ఎండ కాసి, పిల్లగాలి వీచే నెల. ఏడాది పొడుగునా మీ ఇంట్లో జూన్ నెలే అని ఆ కంపెనీ ఆశ పెట్టింది. బొంబాయి తెలుగువారికి జూన్ అంటే ఏమిటి? నాలుగు నెలల ముసురుకు తొలిరోజు. అక్కడ ఏటా సుమారు 2,200 మిల్లీమీటర్లు కురిస్తే, దాదాపు అంతా ఆ నాలుగు నెలల్లోనే. చెన్నైలో జూన్ మండుటెండ, సగానికిపైగా వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపల. ఒకే యంత్రం, ఒకే పేరు, మూడు ఊళ్లలో మూడు అర్థాలు. ఇది మన ప్రశ్నకు కీలకం. డ్రయ్యర్ అవసరం మనిషి సోమరితనం మీదో నాగరికత మీదో కాక, మొదట ఊరి గాలి మీద ఆధారపడింది.

రెండో ప్రపంచయుద్ధం కాలంలో ఇంటి యంత్రాల తయారీ ఆగింది. యుద్ధం ముగిశాక డ్రయ్యర్ అమెరికాలో వేగంగా వ్యాపించింది. ఇప్పుడు అక్కడ అయిదిళ్లలో నాలిగింట ఉంది. చలిరాష్ట్రాల్లోనే కాదు, ఎండకు పేరుపడ్డ ఫ్లోరిడాలో, టెక్సాస్ లో కూడా. అవసరం కోసం పుట్టినది అలవాటయింది. పోతే, అదే కాలంలో మరో దేశం మరో దారి పట్టింది. 1945లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ లో లాన్స్ హిల్ అనే ఆయన పెరట్లో గొడుగులా గాలికి తిరిగే తాళ్ల స్తంభం చేశాడు. హిల్స్ హాయిస్ట్ పేరుతో అది ఆ దేశపు పెరళ్లకు గుర్తుగా మిగిలింది. డబ్బుకు లోటులేని దేశమే. కాని ఎండ ఉన్నచోట ఎండను వాడుకోవడం వాళ్లకు నామోషీ అనిపించలేదు.

మిగిలిన సమయం ఎవరిది?

యంత్రం వస్తే ఆడవాళ్లకు తీరిక దొరుకుతుందన్నది ప్రచారం. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవాన్ 1983లో వెలువరించిన గ్రంథంలో ఈ మాటను పరిశీలించింది. ఆమె తేల్చినది ఇది: గృహయంత్రాలు చాకిరీలోని బరువును తగ్గించాయి గాని, ఇల్లాలి పనిగంటలను అనుకున్నంతగా తగ్గించలేదు. మునుపు చాకలిమనిషీ, వీధి లాండ్రీ చేసే పని తిరిగి ఇంట్లోకి వచ్చి ఇల్లాలి నెత్తిన పడింది. బట్టలు తరచు మార్చడం మర్యాద అయింది. వారానికి ఒకనాటి ఉతుకు రోజువారీ ఉతుకు అయింది.

మన ఇళ్లలోనూ ఈ మార్పు కళ్లముందే జరిగింది. చాకలి రాక తగ్గింది, వాషింగ్ మెషిన్ వచ్చింది, విడిచిన బట్ట మర్నాటికి ఉండకూడదన్న పట్టుదల వచ్చింది. కనుక డ్రయ్యర్ కొందామని మగవారు అన్నప్పుడు, బట్టలు ఆరవేసేదీ తీసేదీ మడత పెట్టేదీ ఇంట్లో ఎవరో ముందు అడగాలి. డ్రయ్యర్ ఆరవేసే శ్రమ మాత్రమే తీసేస్తుంది. మడతలు మిగిలే ఉంటాయి. ఆ శ్రమ నలుగురూ పంచుకునే ఇంట్లో దాని విలువ ఒకటి. నడుంనొప్పితో ఒక్క పెద్దామె మోసే ఇంట్లో దాని విలువ వేరు.

తాడు కట్టే హక్కు

అమెరికాలో కథ ఒక మలుపు తిరిగింది. తాడుమీద బట్టలు కనిపిస్తే వీధికి బీదతనం అంటుతుందని ఇళ్లసంఘాలు తాళ్లను నిషేధించాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగువారికీ ఈ నియమం ఎదురైనదే. దీనికి ఎదురుగా ఉద్యమం లేచింది. ‘ప్రాజెక్ట్ లాండ్రీ లిస్ట్’ అనే సంస్థ 1995లో మొదలై, బట్టలు ఎండలో ఆరవేసుకోవడం పౌరుల హక్కు అని వాదించింది. ఫ్లోరిడా చట్టం ఇలాంటి నిషేధాలు చెల్లవంటుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2008లో ఇలాంటి ఆంక్షలను తొలగించింది.

ఐరోపా యంత్రాన్నే మార్చింది. పాతరకం డ్రయ్యర్ గాలిని వేడిచేసి, తడి పట్టిన వేడిగాలిని గొట్టంగుండా బయటికి వదిలేస్తుంది. వేడి దండగ. 1997లో ఐరోపా మార్కెట్టుకు వచ్చిన హీట్ పంప్ రకం, ఆవిరి తిరిగి నీరయ్యేటప్పుడు విడిచే వేడిని పట్టుకుని మళ్లీ వాడుతుంది. కరెంటు సగానికి సగం తగ్గింది. స్విట్జర్లాండ్ 2012 నుంచి, ఐరోపా సమాఖ్య 2025 జూలై 1 నుంచి తెచ్చిన నియమాల వల్ల కొత్తగా అమ్మకానికి వచ్చేవి ఇక హీట్ పంప్ రకమే. మనకు అంటగట్టజూస్తున్నది మాత్రం చాలావరకు అక్కడ గడువు చెల్లిన ఆ పాతరకమే.

ఇక చాకలిపద్దు

లెక్క వేసుకుందాం. నలుగురున్న ఇంట్లో ఒక విడతకు అయిదు కిలోల బట్టలు. మెషిన్ బాగా పిండాక వాటిలో సుమారు మూడు కిలోల నీరు మిగులుతుంది. అది ఆవిరి కావడానికి ఎంత తక్కువన్నా రెండు యూనిట్లు. పాతరకం డ్రయ్యర్ వాస్తవంలో మూడు యూనిట్లు తీసుకుంటుంది. హీట్ పంప్ అయితే సుమారు ఒకటిన్నర. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుందాం. పాతరకం ధర 30,000, హీట్ పంప్ ధర 60,000, రెండూ పదేళ్లు పనిచేస్తాయని అనుకుందాం. మీ ఊరి ధరలు వేరైతే అంకెలు మార్చుకోండి.

వానరోజుల్లో మాత్రమే, ఏడాదికి 45 విడతలు వాడితే: పాతరకానికి ఏటా యంత్రం వంతు 3,000, కరెంటు 1,080. విడతకు సుమారు 90 రూపాయలు. హీట్ పంప్ కు 6,000, 540. విడతకు సుమారు 145.

ఏడాది పొడుగునా 300 విడతలు వాడితే: పాతరకానికి 3,000, కరెంటు 7,200. విడతకు 34 రూపాయలు. హీట్ పంప్ కు 6,000, 3,600. విడతకు 32.

ఈ అంకెల్లో ఒక మాయ ఉంది. ఎక్కువ వాడితే విడత చవకగా కనిపిస్తుంది. కొన్నాం గదా అని ఎండరోజునా వాడబుద్ధవుతుంది. అవసరం అలవాటయ్యే దారి ఇదే. విడత చవకై, ఏడాది ఖర్చు నాలుగు వేల నుంచి పదివేలకు పోతుంది.

ఇక పద్దులో రాని ఖర్చులు. ప్రతి విడతకూ వడపోతలో చేరే నూలుపీచు మన బట్టల అరుగుదలే. జరీచీర, పట్టు, సాగే అంచుల బట్టలు దానిలో వేయరాదు. మంచి నూలుచీర కుదించుకుపోవచ్చు. పీచు తీయకపోతే నిప్పు ప్రమాదం. అమెరికాలో 2008–2010 మధ్య ఏటా సుమారు 2,900 ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల అగ్నిప్రమాదాలు జరిగాయని అక్కడి ప్రభుత్వ అగ్నిమాపక సంస్థ అంచనా. ఉతికి ఆరబెట్టే జంటయంత్రాల్లో ఉతికే బరువులో ఇంచుమించు సగమే ఆరుతుంది. వాటిలో చాలావాటికి ఆవిరిని చల్లార్చడానికి కొళాయినీళ్లు కావాలి. నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లలో ఇది చిన్నమాట కాదు.

మరి తాడుకు ఖర్చు లేదా? ఉంది. మూసిన గదిలో ఆరవేస్తే ఆ మూడు కిలోల నీరూ గది గాలిలో చేరుతుంది. గోడలకు బూజు, ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది. దీనికి విరుగుడు గాలి ఆడటం. బట్ట ఆరడానికి ఎండకన్నా కావలసింది కదిలే పొడిగాలి. తలుపు తెరచి, 75 వాట్ల పంకా ఎనిమిది గంటలు తిప్పితే 0.6 యూనిట్, అయిదు రూపాయలకు లోపు. మెషిన్ లో మరోసారి గట్టిగా పిండితే ఆరవలసిన నీరే తగ్గుతుంది. నీటిని ఆవిరి చేయడంకన్నా పిండి పారబోయడం ఎప్పుడూ చవక.

తేలినదేమిటి?

చెన్నై, బరంపురం, యానాం లాంటి చోట్ల మేడో పెరడో గాలి ఆడే వసారానో ఉన్న ఇంటికి రోజువారీ బట్టలకు డ్రయ్యర్ అక్కర్లేదు. ముసురు రోజులకు ఇంటిలోపల దండెం, పంకా, గట్టి పిండుడు చాలు. వెలుతురు చొరని బొంబాయి గదిలో పసిబిడ్డో, మంచం పట్టిన పెద్దలో ఉండి, దుప్పట్లూ తువాళ్లూ రోజూ మారేచోట అది విలాసం కాదు, కొనవలసిందే. అక్కడ రోజూ వాడకం తప్పదు కనుక, డబ్బు సర్దుబాటయితే హీట్ పంప్ రకమే మేలు. ఏడాదికి నెలన్నర కష్టమే అయితే, విడతకు 90 రూపాయలు యంత్రానికి పెట్టేముందు వీధి చివరి లాండ్రీలో ధర అడగండి. బొంబాయి మహాలక్ష్మి ధోబీఘాటులో ఇప్పుడు రాతితొట్ల పక్కన యంత్రాలూ తిరుగుతున్నాయి. పదిళ్ల బట్టలు ఒక యంత్రంలో ఆరితే యంత్రం వంతు పదిళ్లకూ పంచబడుతుంది, ఒక మనిషికి జీతమూ దొరుకుతుంది. ఒకప్పటి మేరకూ వెట్టికీ బదులు, అడిగిన ధర చేతికివ్వడం మనం ఆ వృత్తికి బాకీపడ్డ మర్యాద.

చివరిగా అపార్టుమెంటు సంఘాల పెద్దలకు ఒక మనవి. తాడు కట్టవద్దన్న నియమం ప్రతి ఇంటి మీదా ఏటా వందల యూనిట్ల పన్ను వేయడమే. మేడ తాళంచెవి ఒకటి అందరికీ అందేచోట వేలాడదీస్తే ఆ పన్ను ఆ రోజే రద్దవుతుంది.